బండికి షోకులు కాదు... పట్టు కావాలి!

ఫోర్ బై ఫోర్ కొన్నవాళ్లలో చాలామందిని మొదటి నెలలోనే ఓ పురుగు కుడుతుంది. దాని పేరు మాడిఫికేషన్. నన్నూ కుట్టింది. రెండు లక్షలు ఖర్చు పెట్టాక, తాండూరు దగ్గర ఓ కంది చేను పక్కన బుద్ధొచ్చింది. ఆ ఖర్చు, ఆ భయం లేకుండానే మీకు ఆ బుద్ధి రావాలని ఇది రాస్తున్నా.

సెప్టెంబర్ నెల. ముందురోజు రాత్రంతా వాన. పొలాల మధ్య బండ్ల బాటలో నా జిమ్నీ యాక్సిల్ దాకా నల్లరేగడిలో కూరుకుపోయింది. ముందు నిలబడ్డ నా ఫ్రెండ్ డీజిల్ బండికి, నా బండికి మధ్య ఆన్‌లైన్‌లో కొన్న లాగుడు పట్టీ కట్టాం. ఓ కొస వాడి బండి వెనక, ఇంకో కొస నా కొత్త ఇనుప బంపర్ మీద ఎర్రరంగు వేసి మెరుస్తున్న హుక్కుకి. ఆ హుక్కంటే నాకు భలే ఇష్టం. ఇన్‌స్టాలో పెట్టిన ప్రతి ఫొటోలో అదే ముందు కనిపించేది.

మేకలు కాసుకునే పిల్లాడొకడు మా తమాషా చూడ్డానికి వచ్చాడు. పదేళ్లుంటాయేమో. ఫ్రెండ్ బండి వెనక స్టెప్నీకి ఆనుకుని నిలబడ్డాడు. అటుగా ట్రాక్టర్ మీద పోతున్న పెద్దాయన బండాపి మమ్మల్నీ, పట్టీనీ, పిల్లాడినీ చూసి ఒక్కటే కేకేశాడు: "ఏయ్ పోరడా, ఆడికెల్లి ఇటు రా. ముందుగాల ఇటు రా!"

పిల్లాడు విసుక్కుంటూనే గట్టు మీదకి వెళ్లాడు.

ఫ్రెండ్ ఒకసారి గుంజాడు. బండి కదల్లేదు. రెండోసారి కాస్త వెనక్కొచ్చి, ఊపుతో ముందుకు పోయాడు. పట్టీ సాగింది. ఠంగ్‌మని చప్పుడు. నా బంపర్ మీది ఎర్ర హుక్కు వెల్డింగ్ దగ్గర ఊడి, రాయిలా ఎగిరి, ఫ్రెండ్ బండి వెనక అద్దాన్ని పగలగొట్టుకుని లోపల సీటులో పడింది. ఒక్క నిమిషం ముందు ఆ పిల్లాడు నిలబడ్డ చోటు మీదుగానే పోయింది.

ఎవరం ఏమీ మాట్లాడలేదు. నా చేతులు వణుకుతున్నాయి. పెద్దాయన ట్రాక్టర్ దిగొచ్చి, ఊడిన చోట వేలు పెట్టి చూశాడు. "ఇది గుంజనీకి పెట్టింది కాదు తమ్మీ, సూయనీకి పెట్టింది" అన్నాడు.

నా బండికి నేనేం చేశానంటే...

జిమ్నీ కొన్నప్పుడు అది ఆఫీసుకి, కూరగాయలకి, నెలకోసారి ఊరికి పోవడానికే. కానీ ఫోన్ ఊరుకోదు కదా. రీల్ తర్వాత రీల్. ఎత్తు లేపిన బండ్లు, పెద్ద టైర్లు, పైన లైట్ల వరస. మూడు నెలల్లో నా బండి కూడా అలాగే తయారైంది.

రెండంగుళాల లిఫ్ట్ కిట్. కంపెనీవి 195/80 ఆర్15 టైర్లు తీసేసి, 235/75 ఆర్15 మడ్ టెరైన్ టైర్లు. బయటికి పొడుచుకొచ్చే అల్లాయ్ వీల్స్. ముందు ఇనుప బంపర్. పైన క్యారియర్, దాని మీద లైట్ బార్. మొత్తం దాదాపు రెండు లక్షలు.

వీధిలో అందరూ తిరిగి చూశారు. అమ్మ మాత్రం ఎక్కలేకపోయింది. ఆమెకి మోకాళ్ల నొప్పులు. ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ఇంట్లోంచి చిన్న స్టూల్ తెచ్చి వెయ్యాల్సి వచ్చేది. "ఇది కారా, కొట్టమా? నిచ్చెనేసుకుని ఎక్కాలా?" అనేది. నవ్వేసి ఊరుకునేవాణ్ని.

మిగతా తేడాలు ఒక్కొక్కటిగా తెలిశాయి. నా చేతిలో లీటర్‌కి 14 ఇచ్చే బండి 11కి వచ్చింది. అవుటర్ రింగ్ రోడ్డు మీద 90 దాటితే స్టీరింగ్ పట్టు తప్పినట్టు అటూ ఇటూ ఊగేది. మలుపులో టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకునేది. వానలో బ్రేకేస్తే ఆగాల్సిన చోటు కన్నా ముందుకు పోయేది. టైర్ల రొదకి పాటలు వినిపించేవి కావు. అయినా 'ఆఫ్ రోడ్ బండి అంటే ఇంతేలే' అనుకున్నా.

ఇంతే కాదు. నేను చేసినవాటిలో సగం పనులు బండి సామర్థ్యాన్ని పెంచలేదు సరికదా, తగ్గించాయి. ఎలాగో చెప్తా.

పంచె పైకి కడితే పాదాలు తడవవా?

లిఫ్ట్ కిట్ వేస్తే బండి బాడీ, ఛాసిస్ పైకి లేస్తాయి. అడుగున రాళ్లు తగలడం కొంత తగ్గుతుంది. ఆ మాట నిజమే. కానీ జిమ్నీ లాంటి బండికి ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్స్ ఉంటాయి. అంటే రెండు చక్రాలనీ కలుపుతూ ఓ గట్టి ఇరుసు, దాని మీద గుమ్మడికాయలా ఉబ్బిన డిఫరెన్షియల్. బండి కింద నేలకి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది అదే. లిఫ్ట్ కిట్ దాన్ని ఒక్క మిల్లీమీటర్ కూడా లేపదు. పంచె పైకి కట్టుకుంటే మోకాళ్లు తడవవు గానీ, పాదాలు బురదలోనే ఉంటాయి కదా, అలాగన్నమాట.

డిఫరెన్షియల్ పైకి లేవాలంటే ఒక్కటే దారి, టైరు పెద్దదవ్వాలి. అది కూడా లెక్క చూస్తే నవ్వొస్తుంది. 195/80 ఆర్15 టైరు వ్యాసం సుమారు 693 మిల్లీమీటర్లు. నేను వేసిన 235/75 ఆర్15 వ్యాసం సుమారు 733. అంటే తేడా 40. ఇరుసు పైకి లేచేది అందులో సగం, 20 మిల్లీమీటర్లు. కంపెనీ నుంచి వచ్చిన జిమ్నీ గ్రౌండ్ క్లియరెన్సే 210 మిల్లీమీటర్లు. ఆ రెండు సెంటీమీటర్ల కోసం నేను స్టీరింగ్, బ్రేకు, మైలేజీ అన్నీ ధారపోశా. పైగా స్పీడోమీటర్ కూడా అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకి బండి ఎక్కువ దూరం పోతుంది. ముల్లు అదే అంకె చూపించినా అసలు వేగం మునుపటికన్నా దాదాపు ఆరు శాతం ఎక్కువ.

స్టీరింగ్ ఊగడానికీ కారణం ఉంది. సైకిల్ ముందు ఫోర్కు చూడండి, కాస్త వాలుగా ఉంటుంది. చేతులు వదిలేసినా సైకిల్ నేరుగా పోవడానికి సాయపడేవాటిలో ఆ వాలు ఒకటి. కారు ముందు చక్రాలకీ అలాంటి వాలే ఉంటుంది. దాన్ని క్యాస్టర్ అంటారు. రిజిడ్ యాక్సిల్ బండిని లేపితే ఇరుసు కాస్త తిరిగి ఆ వాలు తగ్గుతుంది. దాన్ని సరిచేసే బుష్‌లు వెయ్యాలి. ఇరుసు పక్కకి జరగకుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్‌నీ సరిచెయ్యాలి. బ్రేక్ హోస్‌ల పొడవు సరిపోతుందో లేదో చూడాలి. హెడ్‌లైట్లు దించాలి, లేకపోతే ఎదురొచ్చేవాళ్ల కళ్లల్లో కొడతాయి. నాకు లిఫ్ట్ వేసిన గ్యారేజీలో ఇందులో ఒక్కటీ చెయ్యలేదు. స్ప్రింగులు మార్చారు, షాక్ అబ్జార్బర్లు మార్చారు, ఫొటో తీసుకున్నారు. అంతే. నేనూ అడగలేదు, అడగాలని తెలిస్తే కదా!

ఇక ఇనుప బంపర్. ముందు భాగం మీద పదుల కిలోల బరువు పెరిగింది. బండి మొత్తం బరువే 1,200 కిలోలు. బురదలో ముక్కు ముందు దిగబడటానికి అదీ ఓ కారణం. కంపెనీ ఛాసిస్‌కి బిగించి ఇచ్చిన అసలు హుక్కులు ఆ బంపర్ వెనక దాక్కుపోయాయి. వాటి బదులు గ్యారేజీ వాళ్లు ఓ రేకు ముక్కకి ఎర్రరంగు హుక్కు వెల్డింగ్ చేశారు. బురదలో ఊడొచ్చింది అదే.

పట్టీ సాగితే బాణమే!

లాగుడు పట్టీ గురించి ప్రతి ఫోర్ బై ఫోర్ ఓనరూ తెలుసుకోవాలి. రబ్బరులా సాగి, ఆ ఊపుతో బండిని బయటికి లాగే పట్టీని కైనెటిక్ రోప్ అనో, స్నాచ్ స్ట్రాప్ అనో అంటారు. సాగినప్పుడు అందులో శక్తి నిల్వ ఉంటుంది. గులేర్ సాగదీసినట్టే. కొస ఎక్కడైనా ఊడితే ఊడిన ఇనుప ముక్కే గులేర్ రాయి. టో బాల్‌కి పట్టీ తగిలించి లాగినప్పుడు ఆ బంతి ఊడి తగిలి ఆస్ట్రేలియాలో మనుషులు చనిపోయారు. అక్కడ ఈ పట్టీల మీద హెచ్చరికలు ముద్రించడం చట్టప్రకారం తప్పనిసరి.

అందుకే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

• పట్టీ తగిలించేది ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన హుక్కుకే. బంపర్‌కి, టో బాల్‌కి, సస్పెన్షన్‌కి, ఇరుసుకి ఎప్పుడూ వద్దు.

• పట్టీ తెగే బరువు, రెండు బండ్లలో తేలికైన దాని మొత్తం బరువుకి 2 నుంచి 3 రెట్లు ఉండాలి. షాకిల్ మీద ఎన్ని టన్నులో ముద్ర లేకపోతే దాన్ని వాడొద్దు.

• పట్టీ మధ్యలో బరువైన దుప్పటో, తడి గోనెసంచో వెయ్యండి. ఊడినా వేగం కొంత తగ్గి కిందికి పడుతుంది.

• పట్టీ పొడవుకి రెట్టింపు దూరంలో ఒక్క మనిషి కూడా ఉండకూడదు. వీడియో తీసేవాడు కూడా!

ఆరోజు మా దగ్గర ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. ట్రాక్టర్ పెద్దాయన ఉన్నాడు కాబట్టి బతికిపోయాం.

పెద్దాయన పాఠం

హుక్కు ఊడాక ఆయనే పని మొదలుపెట్టాడు. నేను లోపలికెళ్లి యాక్సిలరేటర్ తొక్కబోతే ఆపేశాడు. "తొక్కినకొద్దీ బావి తవ్వుకుంటవ్" అన్నాడు. ముందు టైర్ల ముందూ వెనకా మట్టి తీయించాడు. పార లేకపోతే చేతుల్తోనే తీశాం. తర్వాత నాలుగు టైర్లలో గాలి తగ్గించమన్నాడు. కట్టె పుల్లతో వాల్వ్ నొక్కి, టైరు కింద కాస్త ఉబ్బేదాకా వదిలాడు. కంది కట్టె, రాళ్లు తెచ్చి చక్రాల కింద పేర్చాడు. బండి వెనక, ఛాసిస్ కింద ఉన్న కంపెనీ హుక్కు వెతికి పట్టుకుని గొలుసు తగిలించాడు. ముందుకి కాదు, వెనక్కి. "వచ్చిన బాటనే గట్టిగుంటది. ముందట ఏమున్నదో నీకెర్కనా?"

ఊపు లేదు, కుదుపు లేదు. ట్రాక్టర్ నింపాదిగా కదిలింది. నా బండి బురదలోంచి బయటికొచ్చింది. పది నిమిషాల పని.

డబ్బులిస్తే తీసుకోలేదు. పోతూ పోతూ ఒక మాట అన్నాడు: "వాన పడ్డంక రెండు దినాలు మేమే ట్రాక్టర్ దింపం తమ్మీ. నల్లనేలది నమ్మకం లేదు. బండి దింపే ముందట, నువ్వు దిగి నడువు."

తర్వాత నేను కొన్న పరికరాలన్నిటికన్నా ఆ చివరి మాటే ఎక్కువ పనికొచ్చింది.

చట్టం ఏమంటుంది?

ఆ తర్వాత ఓ చిన్న ప్రమాదంలో నా బండి ముందు భాగం దెబ్బతింది. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చాడు. బంపర్ చూశాడు, బండి ఎత్తు చూశాడు, "ఇవన్నీ పాలసీలో రాయించారా?" అన్నాడు. రాయించలేదు. ఆ క్లెయిమ్ నాకు రాలేదు. మార్పులు చేసి చెప్పకపోతే క్లెయిమ్ ఆగిపోయే ప్రమాదం ఉంటుందని అప్పుడు తెలిసింది.

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. బుల్ బార్లు, క్రాష్ గార్డులు చట్టవిరుద్ధమని 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి లేఖ రాసింది.

దీన్ని 'పోలీసుల వేధింపు' అని కొట్టిపారేస్తాం గానీ, వెనక కారణం ఉంది. గుద్దుకున్నప్పుడు ముందు భాగం ఎలా నలగాలో లెక్కేసి బండి తయారుచేస్తారు. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలో ఆ లెక్క మీదే ఆధారపడుతుంది. ముందు ఇనుప దూలం పెడితే ఆ లెక్క తప్పుతుంది. రోడ్డు దాటే మనిషికి తగిలితే మెత్తటి ప్లాస్టిక్ బదులు ఇనుము తగులుతుంది. నా బండి ఎప్పుడూ ఊళ్లోనే తిరుగుతుంది కదా. అడవిలో కాదు, అమీర్‌పేటలో!

ఊడబీకాక మిగిలినవి ఏంటి?

ఇనుప బంపర్ తీసేశా. లిఫ్ట్ కిట్ తీయించి పాత స్ప్రింగులు పెట్టించా. లైట్ బార్, క్యారియర్ పోయాయి. పైన బరువు తగ్గితే బండి పక్కకి వాలే భయమూ తగ్గుతుంది. సగం ధరకి అన్నీ అమ్మేశా. వాటి బదులు ఇప్పుడు బండిలో ఉన్నవి ఇవీ...

ఆల్ టెరైన్ టైర్లు: రోడ్డుకీ, మట్టికీ రెండిటికీ పనికొచ్చేవి. కంపెనీ సైజులోనే దొరికితే అంతకన్నా మంచిది లేదు. నేను దానికి దగ్గరగా ఉన్న 215/75 ఆర్15 వేసి, ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ పెట్టా. వ్యాసంలో తేడా సెంటీమీటరే, దేనికీ రాసుకోదు. రోజూ బురదలో తిరిగేవాళ్లకే మడ్ టెరైన్. వారానికి ఐదు రోజులు తారు రోడ్డు మీద తిరిగేవాళ్లకి అవి బరువు, రొద, ఖర్చు.

గాలి మీటరు, 12 వోల్టుల పంపు: నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద మాడిఫికేషన్ ఇదే. గాలి తగ్గిస్తే టైరు నేలని తాకే భాగం పొడవుగా సాగుతుంది. బరువు ఎక్కువ చోట పరుచుకుంటుంది, పట్టు దొరుకుతుంది. రాళ్ల బాటలో కుదుపులు కూడా తగ్గుతాయి. మట్టి బాటలో నేను 20 పీఎస్‌ఐ దాకా దించుతా. మెత్తటి ఇసుకలో 15 దాకా. అప్పుడు వేగంగా పోకూడదు, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పకూడదు, టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ కంపెనీ చెప్పినంత గాలి కొట్టాలి. అందుకే పంపు లేకుండా గాలి తియ్యొద్దు.

అడుగు రక్షణ పలక: ఇంజిన్, ట్రాన్స్‌ఫర్ కేసు కింద గట్టి రేకు. రాయి తగిలి ఆయిల్ కారిపోతే అడవి మధ్యలో ఆగిపోతాం. బయటికి కనిపించదు, ఫొటోలో పడదు. అందుకేనేమో చాలామంది దీన్ని మర్చిపోతారు.

పార, రికవరీ బోర్డులు: టైరు కింద పెట్టే పళ్లున్న ప్లాస్టిక్ పలకలు ఓ జత. ఒంటరిగా ఇరుక్కుంటే ఎవరి సాయం లేకుండా బయటపడేసేవి ఇవే. వీటితోపాటు ముద్ర ఉన్న పట్టీ, రెండు షాకిళ్లు, తోలు గ్లవ్స్, ఫస్ట్ ఎయిడ్ కిట్, మంటలార్పే చిన్న సిలిండర్. అన్నీ డిక్కీలో పట్టీలతో బిగించి ఉంటాయి. కుదుపులకి పార ఎగిరి తలకి తగిలిందంటే ఆస్పత్రే.

ముందు హుక్కులు, కంపెనీవే, మళ్లీ బయటికొచ్చాయి.

బండిలో ఉన్నదే వాడటం రాదు

సిగ్గులేకుండా చెప్తున్నా. రెండు లక్షలు ఖర్చు పెట్టేదాకా నేను యూజర్ మాన్యువల్ తెరవలేదు. జిమ్నీలో 2హెచ్, 4హెచ్, 4ఎల్ అని మూడు ఉంటాయి. 2హెచ్ మామూలు రోడ్డుకి. 4హెచ్ జారే మట్టికి, కంకరకి. 4ఎల్ నిటారు ఎక్కుడు దిగుళ్లకి, పెద్ద రాళ్లకి. 4ఎల్‌లో వేగం తగ్గి, చక్రాల దగ్గర బలం పెరుగుతుంది. ఎద్దుల బండి నడకలా మెల్లగా పోవచ్చు.

ఇలాంటి పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌ని ఆరిన తారు రోడ్డు మీద 4హెచ్‌లో నడపకూడదు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ తిరిగే దూరాల్లో తేడా ఉంటుంది. మట్టి మీదైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారలేక గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. కొన్న కొత్తలో నేను 'స్టైల్'గా 4హెచ్‌లోనే ఆఫీసుకి పోయేవాణ్ని!

ఒక చక్రం గాల్లోకి లేచిందనుకోండి. మామూలు డిఫరెన్షియల్ ఆ గాల్లోని చక్రాన్నే తిప్పుతూ ఉంటుంది, నేల మీదున్నది కదలదు. జిమ్నీలో దీనికి బ్రేక్ ఎల్‌ఎస్‌డీ ఉంది. ఉత్తినే తిరుగుతున్న చక్రానికి బ్రేకు వేసి, బలాన్ని అవతలి చక్రానికి పంపుతుంది. కానీ అది పనిచెయ్యాలంటే యాక్సిలరేటర్ కాసేపు నిలకడగా తొక్కి పట్టాలి. చాలామంది చక్రం తిరగడం చూసి భయపడి వదిలేస్తారు. నేనూ అంతే. బండి చేతకానిది అనుకున్నా, చేతకానిది నాకే.

నేలని బట్టి నడక

మన దగ్గర ఏ రెండు నేలలూ ఒకలా ఉండవు. తడిసిన నల్లరేగడి ఉబ్బి సబ్బులా జారుతుంది. టైరు గాళ్లలో అతుక్కుపోతే ఎంత మంచి టైరైనా గుండ్రటి ముద్దే. దానికి మందు ఒక్కటే, ఆరేదాకా ఆగడం. ఎర్ర చెలకలో నీళ్లు తొందరగా ఇంకిపోతాయి, వాన ఆగిన కొన్ని గంటలకే బాట గట్టిపడుతుంది. ఇసుకలో ఆగితే ఇరుక్కున్నట్టే, గాలి తగ్గించి నిలకడగా పోతూనే ఉండాలి.

వాగు దగ్గర మాత్రం ఏ తెలివీ చూపించొద్దు. స్నార్కెల్ పెట్టించుకున్నామని ధైర్యం చేసేవాళ్లున్నారు. స్నార్కెల్ ఇంజిన్‌కి గాలి అందిస్తుంది గానీ, బండిని నేల మీద పట్టి ఉంచదు. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారుని జరిపేస్తాయి. రెండడుగులైతే పెద్ద ఎస్‌యూవీని కూడా తేల్చి తీసుకుపోతాయి. ప్రతి వానాకాలం మన కాజ్‌వేల మీద జరిగేది ఇదే. నీళ్లు పారుతుంటే ఆగండి. ఇల్లు ఎక్కడికీ పోదు.

ఇంకో మాట. 'ఆఫ్ రోడ్' అంటే రోడ్డు లేని చోటని అర్థమే గానీ, యజమాని లేని చోటని కాదు. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అనుమతి లేకుండా దిగితే నేరం. చేను గట్టు తొక్కితే ఓ రైతు కష్టం పోతుంది. మన తీరంలో చలికాలం ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, అక్కడ బండి దింపొద్దు. ఎక్కడికి పోయినా అడిగి పోవాలి, ఇంకో బండి తోడుగా పోవాలి.

మళ్లీ తాండూరుకి...

జనవరిలో మళ్లీ అటు పోయా. ఈసారి పక్క సీటులో అమ్మ కూడా. స్టూల్ లేకుండానే ఎక్కింది. కంది కోతలు అయిపోవస్తున్నాయి. నల్లనేల ఎండి నెర్రెలిచ్చింది. మేం ఇరుక్కున్న చోట బండి ఆపి, దిగి, ఆ చివరి దాకా నడిచొచ్చా. గట్టిగానే ఉంది. టైర్లలో గాలి తగ్గించి, 4హెచ్ వేసి, ఒక్క చక్రం కూడా జారకుండా అవతలికి పోయాం. రీల్ తియ్యడానికి అందులో ఏమీ లేదు.

పెద్దాయన కోసం తాండూరులో కట్టించిన మిఠాయి డబ్బా ఇచ్చా. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. బండిని చూసి, "గప్పటి బండేనా ఇది?" అన్నాడు.

మేకల పిల్లాడు పరిగెత్తుకొచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందుకొచ్చి నిలబడ్డాడు. "అన్నా, గా ఇనుప బంపర్ ఏది?"

"తీసేసినరా."

"గదుంటెనే మంచిగుండె" అన్నాడు నిరాశగా.

వాడి మాట కాదనలేదు. చూడ్డానికైతే అదే బాగుండేది. ఊడిన ఆ ఎర్ర హుక్కు మాత్రం అమ్మలేదు. ఇంట్లో నా టేబుల్ మీదే ఉంది. బండికి కొత్తగా ఏదైనా కొనాలని ఫోన్ తీసినప్పుడల్లా, ముందు దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుంటా. సగంసార్లు ఫోన్ పక్కన పెట్టేస్తా.